గ్వాటెమాలాలో మాయా బట్టల మ్యూజియం చూశాను, ఒక పాత విపిల్ కొన్నాను, ఇప్పుడు సందేహంలో పడ్డాను

గోదారిగట్టు

నమస్కారం అందరికీ. ఆఫీసు పని మీద హ్యూస్టన్ నుంచి గ్వాటెమాలా సిటీకి వెళ్ళి వారం ఉండి వచ్చాను. శనివారం పొద్దున ఒక్క పూట ఖాళీ దొరికింది. టీమ్‌లో వాళ్ళందరూ అగ్నిపర్వతం ఎక్కడానికి పోయారు. నాకు మోకాళ్ళు సహకరించవు కాబట్టి బట్టల మ్యూజియానికి పోయాను.

పేరు మ్యూసియో ఇష్చెల్ దెల్ త్రాహె ఇందిహెనా. అక్కడి మూలవాసుల దుస్తుల మ్యూజియం అన్నమాట. ఇష్చెల్ మాయా దేవత. చంద్రుడు, పురుళ్ళు, నేత, ఈ మూడు శాఖలూ ఆవిడవే. 10వ జోన్‌లో ఫ్రాన్సిస్కో మర్రోకిన్ యూనివర్సిటీ ఆవరణలో ఉంది. 1973లో పెట్టారట, ఇప్పుడున్న భవనంలోకి 1993లో మారారట. పక్కనే పొపోల్ వూహ్ అని ఇంకో మ్యూజియం, అది కుండలు, రాతి బొమ్మల సంగతి. టైము చాలక దాన్ని వదిలేశాను.

ఆడవాళ్ళ పై తొడుగును విపిల్ అంటారు. కింద చుట్టుకునేది కోర్తె, నడుముకు బిగించేది ఫాహా. ఇవి కాక త్సూతె అని ఒక గుడ్డ. ఎండకి నెత్తిన వేసుకోవడానికీ, బిడ్డను వీపున కట్టుకోవడానికీ, రొట్టెలు మూటగట్టడానికీ అదే. మన తువ్వాలుకి అక్క అనుకోండి. ఊరు మారితే విపిల్ మారిపోతుంది. చిచికాస్తెనాంగో విపిల్‌కి మెడ చుట్టూ సూర్యకిరణాలు. తల దూర్చితే సూర్యుడి మధ్యలోంచి ముఖం బయటికి వచ్చినట్టుంటుంది. సాంతియాగో అతిత్లాన్ ఆడవాళ్ళు మీటర్ల కొద్దీ పొడవున్న పట్టీని తల చుట్టూ చుట్టి చుట్టి పళ్ళెంలా చేస్తారు. ఇదెక్కడో చూశానే అనుకుని పర్సు తీస్తే, చిల్లరలో వచ్చిన 25 సెంతావో నాణెం మీద ఉన్నావిడ తలకట్టు అదే!

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం కోబాన్ వైపు నుంచి వచ్చిన తెల్ల విపిల్. ఎదురుగా చూస్తే ఉత్త తెల్లగుడ్డ. ఇదెందుకు పెట్టారా అనుకుని పక్కకి జరిగాను. వెలుతురు అడ్డంగా పడేసరికి పల్చటి తెలుపు మీద చిక్కటి తెలుపుతో బొమ్మలు బయటపడ్డాయి. ఈ పనిని పిక్‌బిల్ అంటారట.

మర్నాడు ఆంతిగ్వా వెళ్ళి ఒక దుకాణంలో పాత విపిల్ కొన్నాను. అదే షాపులో విపిల్స్ కోసి కుట్టిన బ్యాగులు, దిండు గలీబులు, చెప్పులు కూడా ఉన్నాయి. తిరిగొచ్చాక మా ఆఫీసులో ఒకమ్మాయి, "నువ్వు అది వేసుకోకూడదు, వాళ్ళ గుర్తింపు అది" అంది. అప్పటినుంచి బీరువాలోనే ఉంది. వేసుకోవచ్చా? రెండోది, దాన్ని ఎలా ఉతకాలి?

---

సన్నాయి

ఫొటోలు లేకుండా ఈ పోస్టేంటండీ, అన్యాయం. వీపుకు తొడిగేది కాబట్టి విపిల్ అనుకున్నాను, మన భాష అక్కడిదాకా పోయిందేమో అని ఒక్క క్షణం మురిసిపోయా.

---

గోదారిగట్టు

హహ. నహువాత్ల్ భాషలో 'విపిల్లి' నుంచి వచ్చిందట, అది మెక్సికో వైపు మాట. కక్చికెల్ మాయావాళ్ళు వాళ్ళ భాషలో 'పోత్' అంటారు. స్పానిష్ స్పెల్లింగు చూసి నేను రెండు రోజులు 'హుయిపిల్' అని పిలిచాను, ఎవరూ దిద్దలేదు పాపం. లోపల ఫొటోలు తీయలేదు. కొన్నదాని ఫొటో రేపు పెడతాను.

---

నేతబిడ్డ

అక్కా, కోర్తె గురించి ఇంకొంచెం చెప్పండి. నెట్‌లో చూస్తే అచ్చం మా చిటికి పని లాగే ఉంది. మాది పుట్టపాక దగ్గర. చిన్నప్పుడు బడి నుంచి రాగానే మా నాయిన కట్టిన నూలుకు రబ్బరు చుట్టడం నా పని.

---

పడుగుపేక

నేతబిడ్డ గారూ, మీ కన్ను కరెక్టే. అది ఇక్కతే, అంటే నూలును ముందే ముడులు కట్టి రంగు వేసి నేసే పని. అక్కడ 'హాస్పె' అంటారు. నేను హైదరాబాద్‌లో టెక్స్‌టైల్ డిజైన్ చదివాను, ఈ రెండు మగ్గాల గురించి సెమినార్ పేపరు రాసి ప్రొఫెసర్ దగ్గర చీవాట్లు తిన్నాను కూడా. అందుకే ఇది కాస్త పొడుగవుతుంది, క్షమించండి.

అక్కడ రెండు రకాల మగ్గాలున్నాయి. విపిల్ నేసేది నడుం మగ్గం మీద. నేసేది ఆడవాళ్ళు. దానికి చట్రం ఉండదు. పడుగు (నిలువు దారాలు) ఒక కొసన ఉన్న కర్రను చెట్టుకో స్తంభానికో కడతారు. ఇటు కొసన ఉన్న కర్రకు ఒక పట్టీ తగిలించి నడుం వెనక నుంచి వేసుకుంటారు. మోకాళ్ళ మీద కూర్చుని వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకి వంగితే వదులవుతుంది. మనిషి ఒళ్ళే మగ్గంలో సగం. వర్క్‌షాపులో నేనూ ప్రయత్నించాను. అరగంటకి నడుం పట్టేసింది, నేసింది నాలుగు వేళ్ళ గుడ్డ. అదీ ఒకవైపు సన్నగా, ఇంకోవైపు వెడల్పుగా, గోచీకి తక్కువ రుమాలుకి ఎక్కువ.

చేయి ఎంత దూరం సాగితే పన్నా అంత. అంతకంటే వెడల్పు నేయలేరు. అందుకే విపిల్ ఒకే గుడ్డతో ఉండదు, రెండో మూడో పన్నాలు కలిపి కుడతారు. ఆ అతుకును దాచరు, రంగు దారాలతో ఇంకా కొట్టొచ్చినట్టు కుడతారు. దాన్ని రాందా అంటారు. ఇంకో విశేషం, ఈ మగ్గం మీద గుడ్డకు నాలుగు వైపులా అంచు వచ్చేలా నేయొచ్చు. మగ్గం నుంచి దించాక కత్తెరతో పని లేదు.

బొమ్మలు మాత్రం చాలావరకు ఎంబ్రాయిడరీ కాదు. చాలామంది అక్కడే పొరబడతారు. నేస్తున్నప్పుడే, మామూలు పేకతో (అడ్డదారంతో) పాటు బొమ్మ వచ్చే చోట మాత్రం విడిగా రంగు దారాన్ని వేళ్ళతో దూర్చి వెనక్కి తిప్పుతారు. మన ఉప్పాడ జాందానీలో చేసేది సూత్రప్రాయంగా ఇదే. సాన్ ఆంతోనియో అగ్వాస్ కాలియెంతెస్‌లో ఇంకో మెట్టు ఎక్కి, ముందూ వెనకా బొమ్మ ఒకేలా వచ్చేలా నేస్తారు.

ఇక కోర్తె సంగతి. అది స్పానిష్ వాళ్ళు తెచ్చిన తొక్కుడు మగ్గం మీద వస్తుంది, దాని మీద ఎక్కువగా మగవాళ్ళే నేస్తారు. సల్కఖా, తొతొనికపాన్ దీనికి పేరు. సల్కఖాలో కట్టిన నూలును రోడ్డు పక్కన బారుగా చాచి పెడతారు.

---

నేతబిడ్డ

> రోడ్డు పక్కన బారుగా చాచి పెడతారు

ఇది చదివి ఆగిపోయాను. మా వీధిలో పొద్దున్నే పడుగు సాగదీస్తే సైకిలు మీద వచ్చేవాళ్ళు దిగి నడిపించుకుని పోయేవాళ్ళు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఇప్పుడు బైకులవాళ్ళు హారన్ కొడతారు.

నాదొక సందేహం. మా దగ్గర ఆసు పోసేది, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పేది, ఆడవాళ్ళు. చీర ఒకటికి కొన్ని వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ అలాంటిదేమైనా ఉందా?

---

పడుగుపేక

నడుం మగ్గానికి ఆ పని వేరు అన్నా. మేకులు కొట్టిన ఒక పలక ఉంటుంది. దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో పడుగు తిప్పుతారు. పొడవు తక్కువ కాబట్టి మన ఆసంత నరకం కాదు. మీకు ఆసు పోయడం భుజాలకు శిక్ష, వాళ్ళకు నేత నడుముకు శిక్ష.

---

రచ్చబండ

అందరూ మగ్గంలో దిగిపోయారు, మంచిదే. నాకు తెలియక అడుగుతున్నా. ఊళ్ళో ఆడవాళ్ళు ఇప్పటికీ అవే వేసుకుని కూరగాయలు అమ్ముకుంటున్నారు కదా. వీధిలో నడిచే బట్టను అద్దాల పెట్టెలో పెట్టి టికెట్టు అమ్మడం దేనికి? రేపు హైదరాబాద్‌లో లంగావోణీ మ్యూజియం పెడితే నేనైతే పోను.

---

సన్నాయి

నేను పోతాను. లంగావోణీ ఇప్పుడు మ్యూజియంలోనే కనబడే కాలం వస్తోందిగా.

---

మిరపతోట

రచ్చబండ గారు అడిగింది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. కానీ 'వీధిలో వేసుకు తిరుగుతున్నారు కదా' అనే మాట అక్కడ అంత మామూలు మాట కూడా కాదు.

గ్వాటెమాలాలో 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం నడిచింది. ఐక్యరాజ్యసమితి అండతో ఏర్పడ్డ సత్యశోధన కమిషన్ 1999లో నివేదిక ఇచ్చింది. చనిపోయినవాళ్ళూ మాయమైపోయినవాళ్ళూ కలిపి రెండు లక్షల పైచిలుకు. గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయా జనం. 80ల మొదట్లో సైన్యం ఊళ్ళకు ఊళ్ళు తగలబెడుతున్నప్పుడు ఈ విపిలే ఆడవాళ్ళ ప్రాణం మీదికి తెచ్చింది. గోదారిగట్టు గారు ముచ్చటపడి రాసిన 'ఊరు మారితే విపిల్ మారుతుంది' అన్నదే కారణం. ఒంటి మీద గుడ్డ చూస్తే ఏ ఊరో తెలిసిపోతుంది. ఆ ఊరు సైన్యం లిస్టులో ఉంటే అంతే. చాలామంది తమ ఊరి విపిల్ విప్పేసి, వేరే ఊరిదో మామూలు గౌనో వేసుకుని పట్నాలకు పారిపోయారు.

ఆ తర్వాతి సంగతి కూడా వినండి. 2002లో ఇర్మా అలీసియా వెలాస్కెస్ నిమతుఖ్ అనే కిచె మాయా మానవశాస్త్రవేత్తను రాజధానిలో ఒక రెస్టారెంట్ వాళ్ళు, ఆ దుస్తుల్లో ఉందని లోపలికి రానివ్వలేదు. అప్పటికి ఆ దేశ రాజ్యాంగం 66వ అధికరణంలో మూలవాసుల దుస్తులను గౌరవిస్తాం, ప్రోత్సహిస్తాం అని రాసి ఉంది. రిగోబెర్తా మెంచూ అవే బట్టలతో 1992లో నోబెల్ శాంతి బహుమతి తీసుకుని పదేళ్ళయింది. అయినా గుమ్మం దగ్గర ఆపారు. ఆ గొడవ జరిగిన ఏడాదే వివక్షను నేరంగా చేర్చారు.

2013లో ఆ 80ల నాటి నియంత రియోస్ మోంత్ మీద విచారణ జరిగితే, ఈషిల్ మాయా ఆడవాళ్ళు వాళ్ళ ఎర్ర కోర్తెలతోనే కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. మే 10న శిక్ష పడింది, పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఆ ఫొటోలు వెతికి చూడండి. హాలంతా వరసలు వరసలుగా ఎరుపు.

---

రచ్చబండ

ఇదంతా నాకు తెలియదు. లంగావోణీ పోలిక వెనక్కి తీసుకుంటున్నా. కానీ మ్యూజియం ఎందుకన్న ప్రశ్న అలాగే ఉంది.

---

గోదారిగట్టు

రచ్చబండ గారూ, మీరు అడిగాక ఒకటి గుర్తొచ్చింది. అప్పుడు చూసి కూడా పట్టించుకోలేదు. ఒక తల్లీ కూతురూ, ఇద్దరూ కోర్తెల్లోనే, ఒక అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డారు. తల్లి ముఖం అద్దానికి ఆనించి, వేలితో గాల్లో ఏదో కొడుతూ గొణుగుతోంది. కూతురు ఫోన్‌లో టైప్ చేస్తోంది. దేవుడి బొమ్మేమో, ప్రార్థన చేస్తోందేమో అనుకుని పక్కకి తప్పుకున్నాను. ఇప్పుడు పడుగుపేక గారి పోస్టు చదివాక వెలిగింది. ఆవిడ దారాలు లెక్కపెడుతోంది.

---

పడుగుపేక

అబ్బ! అంతే అయుంటుంది. మన దగ్గరా పాత తేలియా రుమాళ్ళు (అవీ ఇక్కతే) చూసి డిజైను లెక్క మళ్ళీ కట్టుకున్నవాళ్ళు లేరా.

---

థేమ్స్‌రాముడు

ఆలస్యంగా వస్తున్నా. అంత దూరం వెళ్ళలేని లండన్ తెలుగువాళ్ళకు ఒక చిట్కా. బ్రిటిష్ మ్యూజియంలో మెక్సికోలోని పాత మాయా నగరం యాశ్చిలాన్ నుంచి తెచ్చిన రాతి గుమ్మాల పైకమ్ములు ఉన్నాయి, 24వ నంబరుది చూడండి. 8వ శతాబ్దం పని. రాజు కాగడా పట్టుకుని ఉంటాడు. రాణి మోకాళ్ళ మీద కూర్చుని ముళ్ళ తాడును నాలుకలోంచి లాగుతుంటుంది. మా పిల్లలు అక్కడే ఆగి 'నాన్నా, ఏం చేస్తోంది?' అని గోల. వాళ్ళకు నచ్చజెప్పి నేను చూసింది ఆవిడ బట్ట. డైమండ్ గళ్ళు, గళ్ళలో మళ్ళీ డిజైను, కింద కుచ్చుల అంచు, అన్నీ రాతిలో చెక్కారు. ఇప్పటికీ మెక్సికో చియాపాస్ కొండల్లో నేసే విపిల్స్ మీద ఆ గళ్ళ వరసలు కనిపిస్తాయి. అక్కడ సాన్ క్రిస్తోబల్‌లో సాంతో దొమింగో పాత మఠంలో మాయా నేతల మ్యూజియం ఇంకోటి ఉంది. నేను 2018లో వెళ్ళాను. డ్రాయర్లు లాగితే ఒక్కోదాంట్లో ఒక్కో విపిల్. డ్రాయరు తీయడం అనే పనికి పిల్లలు ఎంత సంతోషిస్తారో మీకు తెలుసుగా.

---

ఆరుద్రపురుగు

ఎరుపు ఎరుపు అంటున్నారు కాబట్టి నా పేరు నిలబెట్టుకోవాలి. ఆ పాత ఎరుపు ఒక పురుగు నుంచి వచ్చేది. కొచినీల్ అంటారు. ఆరుద్రపురుగు కాదు సుమా, దీన్ని నలిపితే మీకు పాపమే తప్ప రంగు రాదు. అది నాగజెముడు జాతి మొక్కల మట్టల మీద తెల్లటి బూజులా పట్టుకుని ఉంటుంది. గోటితో నొక్కితే చిక్కటి ఎరుపు. స్పెయిన్ వాళ్ళు దీంతో బాగా సంపాదించారు. అది చూసి ఈస్టిండియా కంపెనీకి ఆశ పుట్టి, 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో నాగజెముడు తోటలు వేసి పురుగులు తెప్పించారు. వచ్చింది నాసిరకం పురుగు. రంగు సరిగా రాలేదు గానీ నాగజెముడును మాత్రం శుభ్రంగా తినేసింది. కంపెనీ నష్టపోయింది, ఆ మొక్కలు పీకలేక చస్తున్న రైతులు మాత్రం సంతోషించి ఉంటారు.

నీలం నీలిమందే. మనది ఒక జాతి మొక్క, వాళ్ళది దాని చెల్లెలు.

---

సన్నాయి

సరే, అసలు ప్రశ్న అందరూ మర్చిపోయారు. ఆవిడ వేసుకోవచ్చా లేదా?

---

నేతబిడ్డ

నేసేవాడి వైపు నుంచి చెబుతా. పోచంపల్లి చీర ఎవరు కట్టుకున్నా మాకు సంతోషమే. పంజాబీ అమ్మాయి కట్టుకున్నా, జపాన్ ఆవిడ కట్టుకున్నా. కడుపు మండేది ఎప్పుడంటే, మా డిజైను సూరత్‌లో ప్రింటు కొట్టి 'పోచంపల్లి' అని 400కి అమ్మినప్పుడు. జీఐ ట్యాగ్ ఉంది, కాగితం మీద ఉంది. ఆపుతున్నదెవరు?

---

మిరపతోట

అక్కడా అదే మంట. విపిల్ డిజైన్లు ఫొటో తీసి పాలియెస్టర్ మీద ప్రింటు వేసి సంతలో అమ్ముతున్నారు. పెద్ద దుకాణాలు ఊరి పేరు కూడా చెప్పకుండా బ్యాగుల మీద వాడుకుంటున్నాయి. దీని మీద 2016లో మాయా నేతగత్తెలు సంఘంగా రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళారు. ముందు నిలబడింది సకతెపెకెస్ ప్రాంతంలోని అఫేదెస్ అనే మహిళా సంఘం. మా డిజైన్లకు సొంతదారు ఒక మనిషి కాదు, ఊరు మొత్తం అన్నది వాళ్ళ వాదన. 2017లో కోర్టు చట్టం చేయమని అక్కడి కాంగ్రెసుకు (పార్లమెంటుకు) సూచించింది.

వాళ్ళు కోర్టుకు పోయింది కాపీ కొట్టేవాళ్ళను ఆపే చట్టం లేదని. డబ్బిచ్చి కొనుక్కుని వేసుకునేవాళ్ళ మీద కాదు.

---

పడుగుపేక

నేను కొంచెం విభేదిస్తాను. కొనడం వేరు, ఏది కొన్నాం అన్నది వేరు. కొన్ని విపిల్స్ కొఫ్రాదియా అనే గుడి సంఘం ఆడవాళ్ళు పండగ ఊరేగింపులకు మాత్రమే వేసుకుంటారు. మామూలు రోజున వాళ్ళే వేసుకోరు. అలాంటిది అయితే గోడకు పెట్టుకోండి. రోజువారీదైతే వేసుకోండి. కానీ కోయకండి, నా విన్నపం అదొక్కటే. కొన్ని నెలలు నడుం వంచి నేసినదాన్ని చెప్పుల మీద పట్టీ చేస్తే నాకు అన్నం సయించదు.

---

రచ్చబండ

దానికీ ఇంకో పక్క ఉంది. చిరిగిపోయిన విపిల్‌ని ఎవరు కొంటారు? బ్యాగు కుట్టేవాడే కొంటాడు. ఆ అమ్మిన డబ్బుతో ఆవిడ కొత్త దారం కొనుక్కుంటుంది. మా అమ్మ పట్టుచీరలు జరీ కోసం తూకానికి అమ్మేసింది, అప్పుడు ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోలేదు.

---

పడుగుపేక

నేనైతే పెట్టుకునేదాన్ని. ఎన్ని చీరలండీ?

---

రచ్చబండ

నాలుగు. అందులో ఒకటి అమ్మమ్మ పెళ్ళిచీర. ఇప్పుడు గుర్తుచేయకండి.

---

గోదారిగట్టు

ఇన్ని మాటలు విన్నాక రాత్రి బీరువాలోంచి తీసి మంచం మీద పరిచాను. ఇన్నాళ్ళూ ముందువైపే చూశాను, ఈసారి లోపలికి తిప్పాను. రెండు పన్నాల మధ్య రాందా, బయట ఊదా, పసుపు, ఆకుపచ్చ వంతులవారీగా. లోపల ముడులు ఎక్కడున్నాయో కూడా తెలియదు. కుడి చంక కింద రెండంగుళాల మేర ఇంకెవరో బాగుచేసిన చోటు ఉంది. దారం రంగు కలవలేదు, కుట్టు కూడా తొందర తొందరగా ఉంది. ముందు నేసిన చెయ్యి కాదు. కూతురేమో. పైటలా ఏదో బరువు వేలాడి అరిగినట్టు ఎడమ భుజం మీద రంగు వెలిసింది. బిడ్డను కట్టుకున్న వైపు అదే అయుంటుంది.

మెడ సైజు చూస్తే నాకు తల పట్టేలా లేదు! వేసుకోవాలా వద్దా అన్న చర్చ అక్కడితో తీరిపోయింది. ఉతకడం గురించి చెప్పండి.

---

నేతబిడ్డ

నీళ్ళలో ముంచకండి అక్కా. ముందు తెల్ల నూలుగుడ్డ తడిపి, బాగా పిండి, లోపలివైపు ఒక మూల ఎరుపు మీద అయిదు నిమిషాలు అద్ది పెట్టండి. రంగు దిగితే ఇక ఉతకొద్దు. నీడలో గాలికి ఆరేసి, నూలుగుడ్డలో చుట్టి పెట్టుకోండి. మడత పెట్టొద్దు, చుట్టండి. కర్పూరం ఉండలు గుడ్డకు తగలనివ్వొద్దు.

---

సన్నాయి

కుంకుడుకాయ రసం వాడొచ్చా? మా ఇంట్లో పట్టుచీరలకి అదే.

---

నేతబిడ్డ

రంగు గట్టిదైతే వాడొచ్చు. ముందు ఆ గుడ్డ పరీక్ష చేయనివ్వండి.

---

గోదారిగట్టు

చేశాను. ఆకుపచ్చ, పసుపు ఏమీ కాలేదు. ఎరుపు దగ్గర తెల్లగుడ్డకి లేత గులాబీ మరక అంటింది. చంక కింద బాగుచేసిన ఆ కొత్త దారం నుంచే వచ్చింది, పాత ఎరుపు చెక్కుచెదరలేదు. చుట్టి పెట్టేస్తున్నాను.